‘మీ దగ్గర భూమి రేటెంత?’ – చైనా పల్లెల్లో అయిదు రోజులు

మాది భీమవరం పక్క. ఇంటికి ఉన్న నాలుగెకరాల వరి చేను నా చిన్నప్పుడే రొయ్యల చెరువైపోయింది. రొయ్యలు ఎగుమతి చేసే ఓ చిన్న కంపెనీలో లెక్కలు చూస్తుంటాను. చైనా తూర్పు తీరంలోని చింగ్‌దావ్‌లో ఏటా జరిగే సీఫుడ్ ఎగ్జిబిషన్‌కి ఈసారి నన్నూ పంపారు. మూడు రోజులు స్టాల్లో నిలబడి, కార్డులు పంచి, కాళ్లు పీకిపోయాక ఓ వారం సెలవు పెట్టేశాను.

కారణం మా నాన్న. ఆయన పాత కమ్యూనిస్టు సానుభూతిపరుడు. మా ఇంటికి చైనా నుంచి రంగుల పత్రికలు వచ్చేవి. గోధుమ చేలో నవ్వుతూ నిలబడ్డ కమ్యూను (ఉమ్మడి సేద్యం) రైతులు, ట్రాక్టరు మీద అమ్మాయిలు. ఆ కాగితం మందంగా, నున్నగా ఉండేది కాబట్టి మేం పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్లం. ఆ బొమ్మల్లోని ఊళ్లు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలని ఎప్పటినుంచో ఉంది.

తోడుకి మా అక్క కొడుకు దొరికాడు. చైనాలో ఎంబీబీఎస్ చదివాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. చైనీస్ గడగడా మాట్లాడతాడు. తెలుగులో ‘ళ’ మాత్రం ఇప్పటికీ పలకడు.

మొదటి రోజు

పొద్దున్న చింగ్‌దావ్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి జియాంగ్సు రాష్ట్రం ఉత్తరాన ఉన్న షూజౌలో దిగాం. అక్కణ్నుంచి ఇంకో రైల్లో స్వీనింగ్. రైలు గురించి కొత్తగా చెప్పేదేముంది, మంచినీళ్ల గ్లాసు కదలకుండా పోయింది. కిటికీలోంచి చూస్తే చేలు చదునుగా, గట్లు లేకుండా కనుచూపు మేర పోతున్నాయి. వరి కోసేసి గోధుమ చల్లుతున్నారు. మధ్యమధ్య చేల నడుమ మట్టి దిబ్బలు. సమాధులని మావాడు చెప్పాడు.

రాత్రి హోటల్ దగ్గర టెన్షన్. ఫోన్లో బుక్ చేసి డబ్బు కూడా కట్టేశాం. కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, తమ కంప్యూటర్లో విదేశీయుల వివరాలు ఎక్కవంది. మావాడు పావుగంట వాదించాడు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది, మేమే బయటికొచ్చేశాం. నాలుగో హోటల్లో దొరికింది గది. రాత్రి పది దాటింది. పక్కనే ఓ కొట్లో ఇనప మూకుడులో కోడికూర ఉడుకుతోంది. మూకుడు అంచులకి లోపలివైపు రొట్టెలు అంటించారు. కింద సగం పులుసులో నానుతుంది, పైసగం కరకరలాడుతుంది. దాన్ని ‘దీగువో జీ’ అంటారు, ఇక్కడి వంట. ఆ రొట్టె తిన్నాక హోటళ్ల మీద కోపం పోయింది.

రెండో రోజు

షాజీ మండలంలో డోంగ్‌ఫెంగ్ అనే ఊరు. పేరుకి అర్థం ‘తూర్పు గాలి’. ఊళ్లోకి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది చెక్కపొడి వాసన. ప్రతి ఇంటి కింది అంతస్తులో రంపం మిషన్లు, పైన కాపురం, వాకిట్లో అట్టపెట్టెల కొండలు, వాటిని ఎక్కించుకోడానికి పార్సిల్ లారీలు.

ఈ ఊరికి చెట్లూ లేవు, వడ్రంగం వారసత్వమూ లేదు. ఇరవై ఏళ్ల క్రితం దాకా పాత ప్లాస్టిక్ ఏరి, కడిగి, కరిగించి అమ్ముకునేవాళ్లు, పందుల్ని పెంచేవాళ్లు. 2006లో సున్ హాన్ అనే కుర్రాడు పట్నంలో ఉద్యోగం వదిలి వచ్చి ‘తావ్‌బావ్’ అనే ఆన్‌లైన్ బజారులో దుకాణం తెరిచాడు. తర్వాత షాంఘైలో ఐకియా షాపు చూశాడు. విడివిడి ముక్కలుగా కొనుక్కెళ్లి ఇంటి దగ్గర బిగించుకునే బల్లలు, అరలు. ఇదేమంత కష్టమనుకుని నమూనా తెచ్చి, ఊళ్లో వడ్రంగి చేత అలాంటివే చేయించి నెట్‌లో పెట్టాడు. అమ్ముడుపోయాయి. పక్కింటివాడు చూశాడు, ఆ పక్కింటివాడూ చూశాడు. మనూళ్లలో ఒకడు చెరువు తవ్వితే ఏమయిందో అదే అయింది.

ఐకియా అంటే మనవాళ్లకి గుర్తుండేది 2018లో హైదరాబాద్‌లో షాపు తెరిచిన రోజు ట్రాఫిక్ జామ్. మనం లైన్లో నిలబడి కొనుక్కున్నాం, వీళ్లు ఇంటికెళ్లి తయారుచేశారు. కాపీ కొట్టడం గొప్పా అని అడగొచ్చు. గొప్పనను. కానీ పందుల దొడ్డి పక్కన పెరిగినవాడికి ఇంతకంటే దగ్గర దారి ఏముందో నాకైతే తోచలేదు.

తావ్‌బావ్‌ని నడిపే ఆలీబాబా కంపెనీ పరిశోధన విభాగం ఇలాంటి ఊళ్లకి ‘తావ్‌బావ్ పల్లె’ అని పేరు పెట్టింది. ఏడాదికి కోటి యువాన్ల ఆన్‌లైన్ అమ్మకాలుండాలి, కనీసం వంద దుకాణాలో, ఊళ్లో పదోవంతు ఇళ్లో అందులో ఉండాలి. 2009లో దేశం మొత్తం మీద మూడే, అందులో ఇదొకటి. 2022 నాటికి 7,780 అయ్యాయి.

ఓ ఇంటి ముందు డెబ్భై దాటిన మామ్మగారు చిన్న పీట మీద కూర్చుని మరలు పొట్లాలు కడుతోంది. లెక్కపెట్టడం లేదు, తూస్తోంది. అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కాటా మీద గుప్పెడు మరలు పోసి, అంకె చూసి, ఒకటి తీసి, మళ్లీ చూసి, ప్లాస్టిక్ సంచిలో పోసి, చివరికి ఒకటి అదనంగా వేస్తోంది.

“అదెందుకు మామ్మా?” అని మావాడడిగాడు.

“బిగించేటప్పుడు ఒకటి మంచం కిందకి పోతుంది. అప్పుడు తిట్టేది మమ్మల్నే” అంది.

పాత రోజుల్లో ఈ చేతులతోనే ప్లాస్టిక్ కడిగేదట. చలికాలం వేళ్లు పగిలి నెత్తురొచ్చేదట. కొడుకూ కోడలూ అప్పుడు దక్షిణాదిలో ఫ్యాక్టరీ పనికి పోయారు, మనవణ్ని ఈవిడే పెంచింది. వాడికి ఆరేళ్లొచ్చాక వాళ్లు తిరిగొచ్చేశారు. అమ్మ చంకలోంచి దిగి మామ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడని నవ్వుతూ చెప్పింది. కోడలు నవ్వలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరో కస్టమరుకి జవాబు టైపు చేస్తూనే ఉంది.

లేచేటప్పుడు మామ్మగారు నన్ను పరీక్షగా చూసి అడిగింది: “మీ దగ్గర భూమి రేటెంత?”

రోడ్డు పక్కనైతే ఎకరం కోటి రూపాయలు దాటిందని చెప్పాను. మావాడు దాన్ని యువాన్లలోకి, ఎకరాన్ని ‘మూ’ల్లోకి మార్చి చెప్పాడు. ఒక మూ అంటే పదహారున్నర సెంట్లు. ఆమె రేటుకి ఆశ్చర్యపోలేదు.

“మీరు అమ్మొచ్చా?” అంది.

మూడో రోజు

ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతుండగా బెంగ్‌బూ స్టేషన్లో దిగి, ట్యాక్సీలో అన్‌హుయ్ రాష్ట్రం ఫెంగ్‌యాంగ్ జిల్లాలోకి వెళ్లాం. జిల్లా అంటే మన లెక్కలో రెవెన్యూ డివిజనంత. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఎండబోశారు, కార్లు రెండో పక్కనే పోతున్నాయి. ఒకాయన చెక్క పారతో తిరగేస్తున్నాడు. ట్యాక్సీ ఆపించి దిగాను. గుప్పెడు తీసి గింజ కొరికితే కటుక్కుమంది. ఇంకో రోజు ఎండితే బస్తాలకెత్తొచ్చు. ఈ విషయంలో భాష అక్కర్లేకపోయింది, ఆయన ఒక వేలు చూపించాడు, నేను తలూపాను.

ఫెంగ్‌యాంగ్ మింగ్ వంశాన్ని స్థాపించిన చక్రవర్తి పుట్టిన చోటు. అయినా చైనావాళ్లకి ఈ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది చిన్న డోలు కొట్టుకుంటూ ఊరూరా అడుక్కునేవాళ్లు. 1959–61 మహా కరువులో ఇక్కడ వేలమంది పోయారు. ఆ జిల్లాలోనే షియావ్‌గాంగ్ ఉంది.

1978 చలికాలం. ఆ ఊళ్లో కమ్యూను పొలం అందరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. గంట కొడితే వెళ్లాలి, గంట కొడితే రావాలి, పాయింట్లు వేస్తారు, వాటిని బట్టే గింజలు. ఎంత చేసినా అంతే పాయింట్లు. పంట ఇంటికి చాలక డోళ్లు పట్టుకుని పోయేవాళ్లు. ఓ రాత్రి 18 ఇళ్లవాళ్లు ఓ మట్టింట్లో చేరి పొలాన్ని ఇళ్ల లెక్కన పంచుకున్నారు. అప్పట్లో అది నేరం. కాగితం రాసుకుని వేలిముద్రలేశారు: సర్కారు వాటా కట్టేస్తాం, ఇక సర్కారుని తిండిగింజలడగం, దీనివల్ల మన నాయకులు జైలుకి పోయినా, తలలు పోయినా, వాళ్ల పిల్లల్ని పద్దెనిమిదేళ్లు నిండేదాకా మిగతావాళ్లం పెంచుతాం.

మ్యూజియంలో ఆ కాగితాన్ని గోడంత చేసి పెట్టారు. అసలుది బీజింగ్‌లో నేషనల్ మ్యూజియంలో ఉంది. అసలుదంటే, అది ఆ రాత్రిదేనా, తర్వాత మళ్లీ రాసిందా అని చైనాలోనే వాదన ఉంది. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. పిల్లల గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఊళ్లో అప్పు పత్రాలు, దస్తావేజులు బోలెడు చదివాను గానీ, “నువ్వు పోతే నీ పిల్లలు మా పూచీ” అని రాసుకున్న పత్రం ఎప్పుడూ చూడలేదు.

1979లో ఊరు 66 టన్నుల ధాన్యం పండించింది. 1966 నుంచి 1970 దాకా అయిదేళ్లూ కలిపితే ఎంతో, అంత. రాష్ట్రంలో పార్టీ పెద్ద వాన్ లీ వెనక నిలబడ్డాడు. నాలుగైదేళ్లలో దేశమంతా అదే పద్ధతి వచ్చేసింది, కమ్యూన్లు పోయాయి. మా నాన్న పత్రికల్లోని ట్రాక్టరు అమ్మాయిలు కూడా ఎక్కడో ఓ చోట తమ వాటా మూలు కొలిపించుకునే ఉంటారు.

కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది, మ్యూజియం దాదాపు అలాగే ఆపుతుంది. కానీ ఈ ఊరి గురించి చైనాలో ఒక మాట వాడుకలో ఉంది: ఒక్క ఏడాదిలో ఆకలి గీత దాటింది, ఇరవై ఏళ్లయినా కలిమి గడప దాటలేదు. చిన్న చిన్న కమతాలు, గిట్టని ధరలు, పైన పన్నులు. 2006 జనవరి 1 నుంచి చైనాలో వ్యవసాయం మీద పన్ను మొత్తానికే తీసేశారు. దానికి రెండేళ్ల ముందు, 2004లో, షెన్ హావ్ అనే అధికారిని ఈ ఊరికి పార్టీ కార్యదర్శిగా పంపారు. పంచుకున్న పొలాల్ని మళ్లీ కలిపి, కౌలుకిచ్చి, ఊరికి కంపెనీలు రావాలని తిరిగాడు. ఆయన గడువు అయిపోయినప్పుడు, పంపొద్దని జనం మళ్లీ కాగితం మీద వేలిముద్రలేశారు. 2009లో ఆయన ఈ ఊళ్లోనే పోతే, ఇక్కడే సమాధి చేయనివ్వమని ఇంకోసారి వేశారు. వేలిముద్రలకి ఇంత విలువున్న ఊరు ఇంకోటి ఉంటుందా!

సాయంత్రం ఊరి నడిమి వీధిలో, ఇంట్లోనే నడిపే ఓ భోజనం హోటల్లో కూర్చున్నాం. మాంసం కూరి వేయించిన టోఫు ఇక్కడి ప్రత్యేకత. యజమాని తన పొలమంతా ఓ కంపెనీకి కౌలుకిచ్చేశాడు. ఆయన చెప్పిన కౌలు మన లెక్కలో ఎకరాకి ఏడాదికి అరవై వేల రూపాయలకి కాస్త తక్కువ. కంపెనీవాళ్లు వరిచేలో నీళ్లు నిలిపి ఎర్ర రొయ్యల్లాంటి ‘షియావ్ లోంగ్‌షియా’ని పెంచుతున్నారట. చేను ఒకటే, పంటలు రెండు. నా ముఖం వెలిగిపోయింది. మేత ఏంటి, ఆక్సిజన్ సంగతేంటి, వైరస్ వస్తే ఏం చేస్తారు అని మావాణ్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

“మావయ్యా, నేను డాక్టర్ని. రొయ్యల మాటలు నాకు చైనీస్‌లో రావు” అన్నాడు చివరికి.

నాలుగో రోజు

ఈ రోజు మ్యూజియం లేదు, బోర్డులు లేవు. నిన్నటి ట్యాక్సీ డ్రైవరునే పిలిచి “మీ అత్తగారి ఊరు చూపించు” అన్నాం. అరగంట దూరం.

ఇళ్లు చూస్తే డబ్బున్న ఊరే అనిపిస్తుంది. రెండంతస్తులు, ముందువైపు తెల్ల టైల్స్, పెద్ద ఇనప గేట్లు. కానీ పదింట్లో ఆరింటికి తాళాలు. కొన్ని గేట్ల మీద అంటించిన ఎర్ర కాగితం వెలిసి గులాబీ రంగుకొచ్చింది. కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు అంటించి, మళ్లీ కొత్త సంవత్సరానికే వస్తారు. ఊరొదిలి పనికెళ్లినవాళ్లు చైనాలో దాదాపు ముప్ఫై కోట్లు. బడి భవనం ఉంది, బడి లేదు. పిల్లలు తగ్గారని మండల కేంద్రం బడిలో కలిపేశారు. ఆటస్థలంలో ఎవరో ముల్లంగి వేశారు.

అత్తగారు ముందు వేడినీళ్లిచ్చింది. ఇక్కడ అతిథికి వేడినీళ్లే మర్యాద. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఒకడు వూషీ పట్నంలో, ఒకడు నాన్‌జింగ్ పట్నంలో. చిన్నవాడికి ముప్ఫై రెండొచ్చాయి, పెళ్లి కాలేదు. అంతే, ఇక ఆ మాట మీదే గంట గడిచింది.

ఇక్కడ అబ్బాయి తరఫువాళ్లే అమ్మాయికి డబ్బివ్వాలి. ‘ఛాయ్‌లీ’ అంటారు. మావాడు తెలుగులో ఏమనాలో తెలీక తడబడుతుంటే, కన్యాశుల్కంరా అన్నాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల లక్షన్నర యువాన్లు నడుస్తోందట, అంటే మన పద్దెనిమిది లక్షలు. అది మొదటి మెట్టు. పల్లెలో ఈ రెండంతస్తుల ఇల్లు లెక్కలోకి రాదు, జిల్లా కేంద్రంలో ఫ్లాట్ కావాలి. పిల్లలకి మంచి బడి అక్కడే కాబట్టి. తర్వాత కారు. ఒక్క బిడ్డ చట్టం నడిచిన రోజుల్లో మగపిల్లాడి కోసం చూసినవాళ్ల లెక్క ఇప్పుడు తేలుతోంది, అమ్మాయిలు తక్కువ. ఉన్నవాళ్లు కూడా పట్నాల్లోనే ఉండిపోతున్నారు. ఛాయ్‌లీ తగ్గించుకోమని ప్రభుత్వం చెబుతూనే ఉంది. ఊరి మొదట్లో గోడ మీద కూడా రాశారు. ఆవిడ ఆ గోడవైపు చెయ్యి విసిరి ఏదో అంది, మావాడు తర్జుమా చేయనన్నాడు.

మా దగ్గర తిరగబడి ఉంటుంది, అమ్మాయి వాళ్లే ఇవ్వాలి అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. “ఇద్దరు మగపిల్లలకి డబ్బు ఎదురొస్తుందా?” అని రెండుసార్లు అడిగింది. చెప్పాక నాకే సిగ్గేసింది. మా చెల్లి పెళ్లికి రెండెకరాలు అమ్మిన సంగతి అప్పుడు చెప్పాను. అంతదాకా నవ్వుతున్న మనిషి నవ్వాపేసింది. ఎంత ఇచ్చారని అడగలేదు. “అమ్మేసిన పొలం వైపు ఇప్పుడు పోతారా?” అని అడిగింది.

ఆవిడ చెబితే గానీ ఇక్కడి భూమి లెక్క నాకు సరిగ్గా ఎక్కలేదు. పొలం ఊరి సమష్టి ఆస్తి. సాగు హక్కు ఇంటిది, ముప్ఫై ఏళ్ల ఒప్పందం. ఇంకో ముప్ఫై పొడిగిస్తామని 2017లో ప్రకటించారు. కౌలుకివ్వొచ్చు, అమ్మడానికి లేదు. సర్కారు రోడ్డుకో ఫ్యాక్టరీకో తీసుకుంటే మాత్రం పరిహారంతో సరి. అమరావతికి ముప్ఫై వేల ఎకరాల పైచిలుకు పూలింగ్‌కిచ్చిన రైతులు నాకు గుర్తొచ్చారు. వాళ్ల చేతుల్లో పట్టాలున్నాయి, ఆశలున్నాయి, ఏళ్ల తరబడి టెన్షనూ ఉంది. ఏది మేలని ఆవిడే అడిగుంటే ఏం చెప్పేవాణ్నో. అడగలేదు, ముల్లంగి పచ్చడి పెట్టింది.

అయిదో రోజు

వూషీ మీదుగా హ్వాషీ. చైనా వాళ్లు ‘లోకంలో మొదటి పల్లె’ అని పిలుచుకున్న ఊరు. షియావ్‌గాంగ్ పంచుకుంటే, ఇది పంచుకోలేదు. అదే నన్నిక్కడికి లాగింది.

వూ రెన్‌బావ్ అనే పెద్దమనిషి 1961 నుంచి 2003 దాకా ఊరిని నడిపాడు. సొంత ఫ్యాక్టరీ పెడితే తప్పయిన రోజుల్లో, 1969లోనే దొంగచాటుగా ఇనప సామాన్ల కార్ఖానా పెట్టించాడు. ఊళ్లన్నీ పొలాలు పంచుకుంటుంటే ఈయన ససేమిరా అన్నాడు. ఉక్కు, బట్టల మిల్లులు వచ్చాయి. 1999లో ఊరి కంపెనీ షేర్ మార్కెట్టుకెక్కింది. ఊరివాళ్లకి విల్లాలు, కార్లు. కాకపోతే ఊరొదిలి పోతే అన్నీ ఇక్కడే వదిలి పోవాలి. ఫ్యాక్టరీల్లో చెమటోడ్చింది ఎక్కువగా బయటినుంచి వచ్చినవాళ్లు, వాళ్లకి ఆ విల్లాల్లో వాటా లేదు.

2011లో పొలాల మధ్య 74 అంతస్తుల హోటల్ కట్టారు, 328 మీటర్లు. అరవయ్యో అంతస్తులో టన్ను బరువున్న బంగారు ఎద్దు. మేం పైకెళ్లలేదు. అది దున్నుతుందా అని మా నాన్న అడిగేవాడు. తర్వాత ఉక్కు ధరలు పడ్డాయి, వేల కోట్ల యువాన్ల అప్పులు బయటపడ్డాయి. 2021లో తాము దాచుకున్న డబ్బు తీసుకోడానికి జనం వానలో వరసకట్టిన వీడియోలు చైనా అంతా తిరిగాయి. మేం వెళ్లినప్పుడు ఒకే అచ్చులో పోసినట్టున్న విల్లాల వరసలో ఓ పెద్దాయన మెట్లు కడుగుతున్నాడు. పలకరిస్తే తలూపి లోపలికెళ్లిపోయాడు. రెండు గంటల్లో బయటపడ్డాం.

తిరుగు ప్రయాణంలో కారు డ్రైవరు యాభై ఏళ్ల మనిషి. ఊరేదంటే అన్‌హుయ్ అన్నాడు. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదట మిల్లు, ఇప్పుడు కారు. హుకౌ మాత్రం ఇంకా పల్లెదే. మన రేషన్ కార్డు, పుట్టిన ఊరి ముద్ర కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది, 1958 నుంచి ఉంది. మార్పించుకోవడం ఇప్పుడు చాలా పట్నాల్లో తేలికేనట.

“మరి మార్పించుకోలేదేం?”

“ఊళ్లో ఎనిమిది మూలున్నాయి. కౌలుకిచ్చాను. హుకౌ మార్చితే రేపు పొలం సంగతి ఏమవుతుందోనని ఇంట్లోది ఒప్పుకోదు” అన్నాడు. తర్వాత అద్దంలోంచి నన్ను చూసి, నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే అడిగాడు. కోటి మాట చెప్పి, మిగిలిన రెండెకరాలూ చెరువేనని, రొయ్యలు వేస్తామని చెప్పాను.

“అన్ని రొయ్యలు ఎవరు తింటారు?”

“మీరే” అన్నాను.

మావాడు తర్జుమా చేయగానే పగలబడి నవ్వి, కిలో ఎంతకి అమ్ముతారని అడిగాడు. చెప్పాను. ఇక్కడ బజార్లో ఎంతకి కొంటున్నాడో చెప్పాడు. వూషీ వచ్చేదాకా ఆ రెండు అంకెల మధ్య డబ్బు ఎవరు తింటున్నారో లెక్కలేసుకుంటూనే ఉన్నాం.